పంటు మునిగిపోద్దన్న మాటకి నేను నవ్వలేదు

ప్రశ్న: అమ్మా, మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. లేసు అల్లేవాళ్ళం ఇరవై మందిమి డిసెంబరులో హైదరాబాద్ వెళ్ళాం, ఒక టీవీ ఛానెల్ సంక్రాంతి ప్రోగ్రాంకి ప్రేక్షకులుగా. బస్సూ, భోజనాలూ వాళ్ళవే. పొద్దున్న పదకొండు నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టి, చెయ్యెత్తినప్పుడల్లా నవ్వమన్నారు. నవ్వాం. వచ్చేటప్పుడు తలా ఒక స్టీలు డబ్బా ఇచ్చారు.

భోగి నాడు ప్రోగ్రాం వేశారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తున్నాం. స్కిట్‌లో ఒక మగాయన చీర కట్టి, పొట్టకి దిండు పెట్టుకుని, బళ్ళనీ జనాన్నీ గోదావరి దాటించే పంటు ఎక్కబోతుంటే, ఇంకొకాయన "ఈవిడెక్కితే పంటు మునిగిపోద్దిరా బాబూ" అన్నాడు. ఆ వెంటనే తెర నిండా నా మొహం. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాను. ఒట్టేసి చెబుతున్నాను, ఆ మాటకి నేను నవ్వలేదు. అసలు మా ముందు ఆ స్కిట్టే వెయ్యలేదు! మా తోడికోడలు, నేను అక్కా అనే పిలుస్తాను, కాస్త లావు మనిషి. థైరాయిడ్ ఉంది. అందరూ ఆవిడ వైపే చూశారు. ఆవిడా నవ్వింది. నవ్వేసి, పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ నాతో ఊఁ, ఆఁ తప్ప మాట లేదు.

ఇంతకు ముందు ఇలాంటివి పట్టించుకునే మనిషే కాదు. మా బావగారు రోజూ "లారీ వస్తోంది, సైడివ్వండి" అని ఏడిపిస్తారు. అందరికంటే ముందు ఆవిడే నవ్వుతుంది. మొన్న శివరాత్రికి సఖినేటిపల్లిలో పుట్టింటికి కూడా పంటు మీద కాకుండా, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళిందట. అంత పంతం. నేను నవ్వలేదని అక్కని ఎలా నమ్మించాలి? ఛానెల్ మీద ఫిర్యాదు చెయ్యాలా? ఉగాది ప్రోగ్రాంకి మళ్ళీ రమ్మంటున్నారు, వెళ్ళనా వద్దా?

– ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, మీరు ఆ మాటకి నవ్వలేదంటే నేను నమ్ముతాను. నా నమ్మకంతో కూడా పన్లేదు, ఆ పని జరిగే పద్ధతే అంత.

టీవీ స్టూడియోలో ప్రేక్షకుల నవ్వు విడిగా తీసి పెట్టుకునే సరుకు. షూటింగ్ మొదలవకముందో, లైట్లు మార్చుకునే ఖాళీలోనో కెమెరా జనం వైపు తిప్పుతారు. ఫ్లోర్ మేనేజర్ చెయ్యెత్తుతాడు. కాసేపు చప్పట్లు, కాసేపు నవ్వులు, కాసేపు నోరు తెరిచి ఆశ్చర్యం, ఇంకాసేపు కళ్ళొత్తుకోవడం. వీటినే రియాక్షన్ షాట్లంటారు. తర్వాత ఎడిటింగ్‌లో ఏ జోకు కింద ఖాళీగా అనిపిస్తే అక్కడ ఒకటి అతికిస్తారు. పెళ్ళి వంటల్లో పోపు ఒకేసారి పెద్ద మూకుడులో వేయించి పక్కన పెట్టుకుంటారే, అలాగ. పప్పులోకీ అదే, చారులోకీ అదే. మీ మొహం ఆ మూకుడులోంచి తీసిందే. వినిపించిన నవ్వు మీది కాకపోయినా ఆశ్చర్యం లేదు, చప్పుడు వేరే, బొమ్మ వేరే.

ఈ కళకి పెద్ద చరిత్రే ఉంది. చార్లెస్ డగ్లస్ అని అమెరికాలో ఒక సౌండ్ ఇంజనీరు 1950ల మొదట్లో ఒక పెట్టె తయారు చేశాడు. టైపు మిషన్‌లాగా మీటలుండేవి. ఒక మీట నొక్కితే కిసుక్కుమనే నవ్వు, ఇంకోటి నొక్కితే పగలబడే నవ్వు, ఆ నవ్వు ఎంతసేపు సాగాలో చూసుకోవడానికి కాలి కింద ఒక పెడలు. కుట్టు మిషన్ తొక్కినట్టు కూర్చుని నవ్వులు తొక్కేవాడన్న మాట. దానికి తాళాలు వేసి, తనే స్టూడియోల చుట్టూ తిప్పుకుంటూ, లోపల ఏముందో ఎవరికీ చూపించకుండా ఏళ్ళ తరబడి వ్యాపారం చేశాడు. 1992లో ఎమ్మీ పురస్కారం కూడా ఇచ్చారాయనకి.

ఆయనకంటే వంద, నూటయాభై ఏళ్ళ ముందే ప్యారిస్ నాటకశాలల్లో డబ్బిచ్చి మనుషుల్ని కూర్చోబెట్టేవారు. జోకు రాగానే పెద్దగా నవ్వడానికి కొందరు, విషాద ఘట్టంలో చేతిరుమాలు తీసి ఏడవడానికి ఆడవాళ్ళు, మళ్ళీ పాడమని కేకెయ్యడానికి ఇంకొందరు. ఆ చివరి రకం మనకీ తెలుసు. నా చిన్నప్పుడు తీర్థంలో పద్య నాటకం వేస్తుంటే, కృష్ణుడు రాగం ముగించాడో లేదో "వన్స్ మోర్!" అని ఒకాయన లేచేవాడు. మా నాన్నగారు నా చెవిలో "ఆయన కృష్ణుడి బావమరిది, భోజనం ఇక్కడే" అనేవారు. అయినా ఆయన లేవగానే నేనూ అరిచేదాన్ని. చిత్రం అదే. కిరాయిదని తెలిసినా పనిచేస్తుంది. లండన్‌లో 2019లో ఒక పరిశోధన చేశారు, నలభై చప్పటి జోకులు ఏరి, వాటికి నవ్వులు కలిపి వినిపించారు. నవ్వు కలిపిన జోకు ఎక్కువ బాగుందన్నారు విన్నవాళ్ళు. తెచ్చిపెట్టుకున్న నవ్వు కలిపినా బాగుందనే అన్నారు. నిజమైన నవ్వు కలిపితే ఇంకాస్త బాగుందన్నారు.

ఈ సంగతులన్నీ ఈ పేజీ చింపి పట్టుకెళ్ళి అక్కకి చూపించడానికి పనికొస్తాయని మీకు ఈపాటికి అనిపించి ఉంటుంది. వద్దు. చూపిస్తే ఆవిడ "అవునా" అంటుంది. మళ్ళీ ఊఁ, ఆఁ.

ఎందుకంటే ఎడిటింగ్ సంగతి ఆవిడకి తెలియక కాదు బాధ. మీరే ఉత్తరంలో రెండు వాక్యాలు రాసి, వాటి మీద ఆగకుండా వెళ్ళిపోయారు. "అందరికంటే ముందు ఆవిడే నవ్వుతుంది" అని ఒకటి. పంటు ఎక్కకుండా చించినాడ మీదుగా వెళ్ళిందని రెండోది.

మొదటిది ముందు. నాకు ఎత్తుపళ్ళు. మా అత్తవారింట్లో నాకు కొబ్బరికోరు అని పేరు పెట్టారు. కోనసీమ ఇల్లు కదా, పోలిక వెతుక్కోవడానికి ఎవరూ దూరం వెళ్ళక్కర్లేదు, కొబ్బరి తురిమే ఆ పళ్ళ కోరు మూలనే ఉంటుంది. పండక్కి అందరూ చేరితే "కాయ కొట్టారా, కోరు రెడీగా ఉంది" అనేవారు. అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని. ముందు నవ్వేస్తే దెబ్బ తక్కువ తగులుతుందని ఒక లెక్క. నవ్వకపోతే "అబ్బో, కోపం కూడానా" అంటారు, అప్పుడు రెండు దెబ్బలు. మీకు హైదరాబాద్‌లో చెయ్యెత్తే మనిషి కనిపించాడు, పది గంటల తర్వాత బస్సెక్కించి పంపించేశాడు. మీ అక్కకి ఎవరూ చెయ్యెత్తరు, రోజూ ఇంట్లోనే షూటింగ్. మీరు పొద్దుట్నుంచి రాత్రి దాకా చేసి అలిసిపోయిన పని ఆవిడ ఎన్నేళ్ళ నుంచి చేస్తోందో లెక్కేసుకోండి.

రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త బజార్లలో, కాలేజీల్లో జనం మాటల్ని పక్కనుంచి విని, ఎవరు దేనికి నవ్వుతున్నారో రాసుకున్నాడు. జోకులాంటి మాటకి నవ్వింది నూటికి ఇరవైసార్లు కూడా లేదట. మిగతాదంతా "సరే, వస్తాను", "నాక్కూడా అంతే" లాంటి మామూలు మాటల వెనకాలే. మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు ముప్ఫై రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయనే లెక్క కట్టాడు. అంటే నవ్వేది మాట బాగుందని కాదు, నలుగురిలో నేనూ ఉన్నాననడానికి. మీ అక్క నవ్వు కూడా ఆ కోవలోదే. బావగారి లారీ జోకు అంత గొప్పదేమీ కాదని మీకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

మరి ఆ నవ్వు నిజమైనది కాదని ఇంట్లో ఎవరికీ తెలియదా? తెలుస్తుందమ్మా. ప్రపంచంలో 21 రకాల సమాజాల వాళ్ళకి ఆడవాళ్ళ నవ్వులు వినిపించి, ఏది దానంతటది వచ్చింది, ఏది తెచ్చిపెట్టుకుంది అని అడిగారు, 2018లో వచ్చిన పరిశోధన అది. భాష తెలియని వాళ్ళు కూడా, బొమ్మ లేకుండా, ఉత్త నవ్వు విని నూటికి 56 నుంచి 69 దాకా సరిగ్గా చెప్పారు. ఒకే వంటింట్లో తిరిగే మనిషికి ఇంకెంత తెలియాలి? మీకు తెలుసు కాబట్టే "ఆవిడా నవ్వింది, నవ్వేసి వెళ్ళిపోయింది" అని ఆ వరసలో రాశారు. పాలు పొయ్యి మీద ఉన్నాయో లేదో మీరు చూడలేదు కదా.

అయితే నా మీదే ఎందుకు కోపం, పేరు పెట్టింది బావగారైతే, అని మీరు అడగచ్చు. నాకు తోచింది చెబుతాను, తప్పైతే మీరే దిద్దుకోండి. ఇంట్లో అందరూ నవ్వేటప్పుడు ఆవిడ తల దించుకుని నవ్వుతుంది, ఎవరి మొహమూ చూడదు. నేనూ చూసేదాన్ని కాదు. నవ్వని వాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారులే అనుకోవడానికి అది వీలు. మధ్యాహ్నం పూట అరుగు మీద పక్కన కూర్చుని లేసు అల్లే చెల్లెలు ఆ ఒకరిద్దరిలో ఉంటుందని ఆవిడ అనుకుని ఉంటుంది. టీవీ ఆ మొహాన్ని తెచ్చి గోడంత చేసి చూపించింది. నవ్వు అతికించిందే. మొహం మాత్రం మీదే కదా. అందులోనూ ఆ నవ్వు ఆవిడ ఇంట్లో విని ఉన్న నవ్వే.

ఇక పంటు. పంతం అని రాశారు మీరు. నరసాపురం రేవులో పంటు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా. బైకులూ, ఆటోలూ, కార్లూ, చంటిపిల్లలూ, చేపల బుట్టలూ అన్నీ ఒకే ఇనప బల్ల మీద నిలబడి వశిష్ఠ గోదావరి దాటుతాయి. ఇన్ని బళ్ళు ఎక్కినా మునగని దాన్ని అందరూ రోజూ చూస్తున్నారు. మునుగుతుందని ఆవిడకి భయం లేదు. రేవులో దిగి పంటు మీద కాలు పెట్టేటప్పుడు ఆ ప్రోగ్రాం చూసిన వాడెవడైనా ఉంటాడు, వాడు పక్కవాడి వైపు చూస్తాడు. నవ్వక్కర్లేదు, చూస్తే చాలు. సఖినేటిపల్లి ఎదురుగుండా కనపడుతుంటే, వెనక్కి తిరిగి చించినాడ దాకా వెళ్ళి, వంతెన దాటి, మళ్ళీ అంత దూరం అవతలి ఒడ్డున వెనక్కి వచ్చింది ఆవిడ. పండగ పూట, పుట్టింటికి. అది పంతం అంటారా?

మన గోదావరి వాళ్ళకి వెటకారం ఎక్కువని మనమే గర్వంగా చెప్పుకుంటాం. నాకూ ఇష్టమే, వెటకారం లేని మాట ఉప్పులేని పులుసు. కానీ మనం నేర్చుకున్న వెటకారం వేరు. బుర్రకథలో హాస్యపు వంత ఎవరి మీద జోకులు వేసేవాడు? దొర మీద, కరణం మీద, వడ్డీలిచ్చే షావుకారు మీద, లేదంటే తన మీద తనే. తోలుబొమ్మలాటలో కేతిగాడు ఒకటంటే బంగారక్క రెండంటుంది. ఎదుటి మనిషికి తిరిగి అనే వంతు ఉండేది. మీ బావగారి లారీ మాటకి అక్క తిరిగి అనే వంతు ఎప్పుడైనా వచ్చిందా? ఆయన బట్టతల మీదో, గురక మీదో ఆవిడ ఒక్కసారి అని చూస్తే ఆ పూట అన్నం దగ్గర ఎంత నిశ్శబ్దమో నాకు ఇక్కడికి వినిపిస్తోంది. (బావగారిని దుర్మార్గుడంటున్నానని అనుకోకండి. ఆయనకి అది ముద్దే అయుండచ్చు. మా వారికీ ముద్దే.)

ఏం చెయ్యాలంటే. అక్కతో మాట్లాడండి, కానీ ఫోను చేతిలో పట్టుకుని, వీడియో తిప్పుతూ కాదు. నలుగురిలో అసలే కాదు, "అక్కా అందరి ముందూ క్షమించమని అడుగుతున్నాను" అంటే ఆవిడ మళ్ళీ నవ్వాల్సి వస్తుంది. మధ్యాహ్నం, మగవాళ్ళు చెరువు గట్ల మీదకి పోయాక, మీ ఇద్దరూ లేసు అల్లుకునే వేళ చూసుకోండి. చేతిలో సూదీ దారం ఉంటే ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు, అదొక మేలు. "టీవీలో వాళ్ళు అతికించారక్కా" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలెయ్యండి. దాని మీద వాదన పెట్టుకోకండి. తర్వాత అసలు మాట: "ఇంట్లో మాత్రం నేను నవ్వాను. అది ఎవరూ అతికించలేదు. ఇంక నవ్వను." అంతే. "నువ్వూ నవ్వేదానివిగా" అనే మాట మీ నాలుక చివరకి వస్తుంది. మింగెయ్యండి.

ఆవిడ వెంటనే కరిగిపోతుందని ఆశపడకండి. "ఏంటే, ఇప్పుడు అదంతా ఎందుకు" అని దారం తుంపచ్చు. లేచి వెళ్ళిపోనూ వచ్చు. మీరు చెప్పిన మాట మర్నాడు అన్నాల దగ్గర తేలుతుంది, బావగారు లారీ అన్నప్పుడు. మీరు నవ్వకండి. కోప్పడద్దు, ఉపన్యాసం ఇవ్వద్దు, మొహం చిట్లించద్దు కూడా. పప్పు వడ్డించుకోండి. మా ఇంట్లో కొబ్బరికోరు పేరు పోయింది అలాగే. మా పెద్దాడపడుచు ఒక పండక్కి వచ్చి నవ్వడం మానేసింది. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఆవిడ నవ్వకపోయేసరికి ఆవిడ పిల్లలు నవ్వలేదు, పిల్లలు నవ్వకపోయేసరికి మా మరిది రెండోసారి అనడానికి తడబడ్డాడు. నెల తిరక్కుండా పేరు పోయింది. నవ్వు కలపని టీవీ జోకు ఎప్పుడైనా విన్నారా? ఎంత బోసిగా ఉంటుందో. బావగారికి ఆ బోసితనం నాలుగు పూటలు తగిలితే చాలు. మీ ఆయనకి మాత్రం ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మీరు ఆపిన నవ్వు ఆయన పూర్తి చేస్తాడు.

కొరియా యుద్ధంలో సైనిక ఆసుపత్రి మీద అమెరికాలో 1972లో ఒక హాస్య సీరియల్ మొదలైంది. దానికీ నవ్వులు కలపాలని ఛానెల్ పట్టుబట్టింది. నిర్మాతలు గట్టిగా నిలబడి, ఆపరేషన్ గదిలో జరిగే ఘట్టాలకి మాత్రం కలపం అని ఒప్పించుకున్నారు. బ్రిటన్‌లో బీబీసీ వాళ్ళయితే నవ్వులు లేకుండానే చూపించారు. కిరాయి నవ్వుల వ్యాపారంలో ఉన్నవాళ్ళకి కూడా ఎక్కడ కలపకూడదో తెలిసింది, మనింట్లో అన్నం బల్ల దగ్గర మనకి తెలియకపోతే ఎలా.

అక్క కాస్త మెత్తబడ్డాక, ఆవిడ ఈసారి పుట్టింటికి వెళ్ళేటప్పుడు తోడు వస్తానని అడగండి. పంటు మీద వెళ్దామని మీరు అనకండి. రేవు దాకా వెళ్ళాక ఎటు తిరగాలో ఆవిడ ఇష్టం. చించినాడ మీదుగా అంటే చించినాడ మీదుగానే వెళ్ళండి, బస్సు టిక్కెట్లు మీరు కొనండి.

ఫిర్యాదు సంగతి. చెయ్యచ్చు. స్త్రీ ఆకారాన్నీ శరీరాన్నీ కించపరిచేలా చూపించకూడదని 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. 2021లో తెచ్చిన సవరణ ప్రకారం ముందు ఛానెల్‌కే రాయాలి. అందినట్టు 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో తేల్చి చెప్పాలి. జవాబు నచ్చకపోతే ఛానెళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకి వెళ్ళచ్చు. ప్రోగ్రాం పేరు, ప్రసారమైన తేదీ, సమయం, ఆ డైలాగూ రాయండి, మీ షాట్ ఆ స్కిట్‌కి సంబంధం లేనిదని కూడా రాయండి. ఆ రోజు లోపలికి పంపే ముందు మీ అందరిచేతా ఏదైనా కాగితం మీద సంతకం పెట్టించారేమో గుర్తు చేసుకోండి. మొహాన్ని ఎలాగైనా వాడుకోవచ్చని అందులో ఉంటే మీ షాట్ తీసెయ్యమనే మాట కాస్త బలహీనపడుతుంది, స్కిట్ మీద ఫిర్యాదు మాత్రం అలాగే ఉంటుంది. అయితే ఇదంతా మీ కోపం కోసం, మీ హక్కు కోసం. అక్క కోసం చేస్తున్నానని ఆవిడకి చెప్పకండి. ఆవిడ పేరు, ఆవిడ ఒళ్ళు ఆ కాగితంలో ఎక్కడా రానివ్వకండి.

ఉగాది బస్సు ఎక్కాలనిపిస్తే ఎక్కండి, హైదరాబాద్ చూసినట్టుంటుంది. అక్కతో మాట్లాడకముందు మాత్రం వద్దు. వెళ్తే మెరుపుల చీర కట్టుకోకండి, ముందు వరసల్లో కూర్చోకండి, కెమెరా కళ్ళు అక్కడికే పోతాయి. వెనకాల ఎవరైనా పొడుగావిడ చాటున సర్దుకోండి. ఆ చెయ్యెత్తే అబ్బాయి ఎత్తినప్పుడు నవ్వొస్తే నవ్వండి. రాకపోతే చప్పట్లు కొట్టండి, వాళ్ళకి అదీ పనికొస్తుంది, దాంట్లో మీ మొహంతో పన్లేదు.